శుక్రవారం రాత్రి పదకొండుంబావు

2011లో ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ ఆరంభం దాకా టీవీ అసాహీ వాళ్లు శుక్రవారం రాత్రి పదకొండుంబావుకు ‘బార్‌టెండర్’ అనే సీరియల్ వేసేవారు. మొత్తం ఎనిమిది భాగాలు. జపాన్ సీరియళ్లు మన వాటిలా ఏళ్ల తరబడి సాగవు. మూడు నెలల్లో కథ ముగిసిపోతుంది, ఆ వేళకు ఇంకో కథ వచ్చి కూర్చుంటుంది. పారిస్‌లో పనిచేసి తిరిగొచ్చిన ససకురా ర్యూ అనే యువకుడు టోక్యోలోని గింజా పేటలో ‘ఈడెన్ హాల్’ అనే చిన్న బార్‌లో కౌంటరు వెనక నిలబడతాడు. ప్రతి వారం ఎవరో ఒకరు మనసులో ఏదో బరువు పెట్టుకుని ఆ తలుపు తోసుకుని లోపలికి వస్తారు. అతను వాళ్ల మాట వింటాడు, వాళ్లు చెప్పనిది కూడా వింటాడు, ఒక గ్లాసు కలిపి ముందు పెడతాడు. అరాకి జో రాసి, నగతొమో కెంజి బొమ్మలు గీసిన మాంగా, అంటే బొమ్మల కథ, దానికి ఆధారం. అరాషీ అనే పాటల బృందంలోని ఐబా మసాకి ర్యూగా వేశాడు. హోటల్లో పనిచేసే మివా పాత్ర కంజియా షిహోరిది.

నేను అప్పుడు నిషికసాయిలో ఉండేదాన్ని. టోక్యోలో ఉన్న మనవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. తొజాయి లైన్ మీద, ఎదొగావా వార్డులో, 2000 సంవత్సరం కంప్యూటర్ల గండం నాటి నుంచి భారతీయ ఇంజనీర్లు స్థిరపడుతూ వచ్చిన పేట. స్టేషన్ దిగితే కందిపప్పు, ఇడ్లీరవ్వ అమ్మే దుకాణాలు. ఆఫీసు నిహొంబాషిలో. రైలెక్కితే మార్పు లేకుండా వెళ్లిపోవచ్చు. ఒకే ఒక్క కష్టం భాష. పరీక్ష పాసయ్యాను గాని, క్లయింటు ముందు నోరు విప్పితే నా జపనీస్ చిన్నపిల్లల మాటలా ఉండేది. ఎవరిని ఎంత గౌరవంతో పలకరించాలో, నా గురించి చెప్పుకునేటప్పుడు ఎంత తగ్గి మాట్లాడాలో వచ్చేది కాదు.

మా బృందంలో ఒక సీనియరు ఉండేవారు. నాకంటే పదిహేనేళ్లు పెద్దావిడ, అందరూ సెంపాయి అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒకరోజు భోజనాల వేళ ఆవిడ, “వార్తలు చూసి నేర్చుకోకు, వార్తలు చదివేవాళ్లకు ఎదురుగా మనిషి ఉండడు. బార్‌టెండర్ మాట విను. మర్యాద తప్పకుండా మనసుకు దగ్గరగా మాట్లాడాలంటే అతనే గురువు” అన్నారు. ఆ వారమే సీరియల్ మొదలైంది. గదిలో నాతో ఉన్న ఇద్దరమ్మాయిలూ నిద్రకు పడ్డాక, టీవీ గొంతు తగ్గించి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని చూసేదాన్ని.

ఆ పుస్తకంలో మాటలకంటే ముందు నేను రాసుకున్నది చేతుల గురించి. ర్యూ గ్లాసు తుడిచే తీరు, సీసా మూత తీసి లేబులు వచ్చినవారి వైపు తిరిగేలా నిలబెట్టడం, పొడవాటి చెంచాను రెండు వేళ్ల మధ్య చప్పుడు లేకుండా తిప్పడం. మద్యం గురించి ఇంత శ్రద్ధగా ఏదైనా చూడటం నా జీవితంలో అదే మొదలు. అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే మా ఊరికి రావాలి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో నాకు ఏడేళ్లు. సారాను అప్పుడు ప్రభుత్వమే ప్యాకెట్లలో నింపించి అమ్మించేది. ‘వారుణి వాహిని’ అని దానికి పేరు. కూలి డబ్బు చేతిలో పడేలోపలే ప్యాకెట్టు చేతికొచ్చేది. పొలం గట్టుకూ వచ్చేది, ఇంటి గుమ్మానికీ వచ్చేది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకు వెళ్లిన ఆడవాళ్లు తమ వాచకంలో సారా వల్ల కూలిపోయిన ఒక ఇంటి కథ చదివి, అది తమ ఇల్లేనని గుర్తుపట్టారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్లు దుకాణం మూయించారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. మా ఊళ్లో అమ్మమ్మ, అమ్మ, వీధిలోని అత్తలూ పిన్నులూ చీపుళ్లు, కారంపొడి పట్టుకుని సారా జీపుకు అడ్డం నిలబడటం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తు. అమ్మ ఒక్కొక్క ప్యాకెట్టూ కొడవలితో చీరి మట్టిలో పోస్తుంటే ఆ ఘాటుకు నాకు కళ్లు మండాయి. మరుసటి సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ.

ఆ ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి మద్యం దుకాణం ముందునుంచి పోవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేదాన్ని. నాకు తెలిసినంతలో మద్యానికీ స్త్రీకీ మధ్య ఉండేది ఒకే బంధం: ఒకరు తాగుతారు, ఒకరు ఏడుస్తారు. సీరియల్ చూస్తున్నప్పుడు కూడా అదొక అద్భుత లోకం కథ అన్నట్టే చూశాను.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సెంపాయి నన్ను దారిలోని మోంజెన్ నకచోలో దింపేశారు. టోక్యోను ‘ఎదో’ అని పిలిచిన పాత రోజుల వాసన ఇంకా మిగిలిన పేట అది. ఒకవైపు తొమియోకా హచిమాన్ గుడి, ఇంకోవైపు ఫుకగావా ఫుదో ఆలయం, వాటి మధ్య సందుల్లో చిన్నచిన్న తినుబండారాల కొట్లు. “నేను తాగను సెంపాయి” అన్నాను. “తెలుసు. రా” అన్నారు. మెట్లెక్కి బరువైన చెక్క తలుపు తీస్తే పొడవాటి కౌంటరు, ఎనిమిదో తొమ్మిదో కుర్చీలు. వెనక గోడంతా సీసాలు. తెల్ల చొక్కా, నల్ల వెస్ట్‌కోటు, బో టై కట్టుకుని నిలబడ్డది ఒక స్త్రీ.

ముప్పై అయిదు దాటి ఉండవు. జుట్టు వెనక్కి బిగించి కట్టుకుంది. ఉంగరాలు లేవు, గోళ్లు చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి, పరిమళం లేదు. కాక్‌టెయిల్ వాసనకు ఏదీ అడ్డు రాకూడదని ఆ నియమాలని సెంపాయి తర్వాత చెప్పారు. వేడి తువ్వాలు చేతికిచ్చి, కోటు తీసుకుని తగిలించి, మేము కుదురుగా కూర్చునేదాకా ఏమీ అడగలేదు. నేను తాగనని చెప్పగానే ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఎలాంటి రుచి కావాలో, పులుపా తీపా, ఈ రోజు బాగా అలసిపోయారా అని మాత్రం అడిగింది. తర్వాత కమలారసం, అనాసరసం, నిమ్మరసం ఒకే పాళ్లలో కొలిచి షేకర్‌లో పోసింది. సిండరెల్లా అంటారు. మద్యం చుక్క ఉండదు.

అయితే ఆ రసాలను ఆమె కలిపిన తీరులో ఏ లోపమూ లేదు. పెద్ద మంచు దిమ్మను రంపపు పళ్ల కత్తితో కోసి, మొనతో చెక్కి, అద్దంలా పారదర్శకంగా ఉన్న ముక్కలే ఎంచి వేసింది. అక్కడి మంచి బార్లలో వాడే ఐస్ నెమ్మదిగా, చాలా గంటల పాటు గడ్డకట్టించినది. లోపల గాలి బుడగలు ఉండవు, తొందరగా కరగదు, రసాన్ని నీళ్లు చేయదు. షేకర్ మూసి ఎడమ భుజం దగ్గరకు ఎత్తి, ఒకసారి ఛాతీ ఎత్తున, ఒకసారి ఇంకాస్త కిందుగా ఆడించింది. మొదట గలగలమన్న చప్పుడు క్రమంగా మెత్తబడి ఇసుక జారినట్టు అయింది. ఆ చప్పుడు మారే చోటనే ఆపేసింది. చెంచా కొసతో ఒక చుక్క తీసి తన చేతి వెనక వేసుకుని రుచి చూసి, చల్లార్చి పెట్టుకున్న గ్లాసులోకి వంచింది. అంచుకు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పక్కన సెంపాయికి జిన్, నిమ్మతో గిమ్లెట్ చేసేటప్పుడు కూడా అదే నిలబడే తీరు, అదే మౌనం, అదే జాగ్రత్త. తాగేవాళ్లకు ఒక కొలత, తాగనివాళ్లకు ఒక కొలత లేదు. ఆ గౌరవం నాకు ఎంత బాగా పట్టిందంటే, ఆ తర్వాత నెలకు రెండు మూడుసార్లు రైలు అక్కడ ఆగగానే కాళ్లు వాటంతట అవే దిగేవి.

జపాన్ టీవీలో గింజా రాత్రుల గురించి, అక్కడి స్త్రీల గురించి కథలకు కొరత లేదు. మత్సుమొతో సెయిచో నవల ‘కురోకవా నో తెచో’ను టీవీ కోసం మళ్లీ మళ్లీ తీశారు. 2004లో యొనెకురా ర్యోకో వేసిన హరగుచి మోతోకో పాత్ర పేరు అక్కడ ఇంటింటికీ తెలుసు. బ్యాంకులో గుమాస్తాగా ఉన్నామె దొంగ ఖాతాల రహస్యాలు రాసుకున్న పుస్తకం అండతో గింజాలో క్లబ్బు పెట్టి యజమానురాలవుతుంది. గొప్ప కథే, నటన కూడా గొప్పదే. కానీ అలాంటి క్లబ్బుల్లో స్త్రీ అతిథి పక్కన కూర్చుని గ్లాసు నింపుతుంది, నవ్విస్తుంది, పొగడుతుంది. ఆమె అందం, మాట, సాంగత్యం అక్కడ సరుకు. నేను వెళ్లే బార్‌లో అతిథికీ ఆమెకూ మధ్య ఆ మందపాటి కౌంటరు ఉండేది, దాన్ని ఎవరూ దాటేవారు కాదు. అమ్ముడుపోయేది ఆమె చేసిన పని. ఈ తేడా తెరమీద ఎప్పుడూ స్పష్టంగా కనిపించలేదు. ‘బార్‌టెండర్’లో సైతం షేకర్ పట్టిన హీరో మగవాడే, ఎదుటి కుర్చీలో కూర్చున్నది మివా. నేను చూసిన ప్రతి భాగంలో ర్యూ స్థానంలో మోంజెన్ నకచోలోని ఆవిడను ఊహించుకునేదాన్ని. ఒకే బార్‌లో ఇద్దరు ముగ్గురు స్త్రీ బార్‌టెండర్లు, ఒకరికి గురువుగా ఒకరు, ఎనిమిది భాగాల కథ. అది చూడాలని నాకు ఇప్పటికీ ఆశ.

ఆవిడ ఆ వృత్తిలోకి ఎలా వచ్చిందో కొద్దికొద్దిగా చెప్పింది. పద్దెనిమిదో ఏట ఒక హోటల్లో చేరింది. మొదటి రెండేళ్లూ గ్లాసులు కడగడం, తుడవడం, ఐస్ చెక్కడమే. షేకర్ ముట్టుకోనివ్వలేదు. దుకాణం మూశాక షేకర్‌లో బియ్యం పోసి అభ్యాసం చేసేదట. ఆడపిల్ల చేతికి పట్టు ఉండదని ఒక పెద్దాయన అంటే, మణికట్టు బలం మీద కాక మోచేతి లయ మీద ఆధారపడే తీరు తానే కుదుర్చుకుంది. కౌంటరు వెనక ఒక పాత నలుపు తెలుపు ఫోటో ఉండేది. ఎవరని అడిగితే ఏడా కోల్‌మన్ అంది. లండన్ సావోయ్ హోటల్ అమెరికన్ బార్‌లో 1903 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ప్రధాన బార్‌టెండర్‌గా పనిచేసిన స్త్రీ. జిన్, తీపి వెర్మూత్, ఫెర్నెట్ బ్రాంకా కలిపి ఆమె సృష్టించిన హ్యాంకీ ప్యాంకీని ఇవాళ్టికీ ప్రపంచమంతా చేస్తారు. “మా దేశంలో నాకు గురువులందరూ మగవాళ్లే, అందుకే ఈమెను తెచ్చి పెట్టుకున్నాను” అంది.

ఆ మాట విన్నాక నేను మన దేశం సంగతి వెతికి చదివాను. 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. మద్యం తాగే చోట స్త్రీలను పనిలో పెట్టుకోకూడదని. ఢిల్లీలోనూ అదే అమల్లో ఉండేది. అది రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది 2007 డిసెంబరులో. అంటే నేను ఆ కుర్చీలో కూర్చోవడానికి మూడేళ్ల ముందు. ముంబైలో షత్భి బసు 1980లలోనే ఈ వృత్తిలోకి దిగి, తర్వాత నేర్పే బడి కూడా పెట్టారని తెలిసింది. మరుసటిసారి వెళ్లినప్పుడు ఆవిడకు ఈ పేరు చెబితే కాగితం మీద రాయించుకుంది.

ఆ బార్‌లో నేను చూసిన వాటిలో ఒకటి ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఒక రాత్రి సూటు వేసుకున్న నడివయసు మనిషి ఇంకొకటి ఇమ్మని అడిగాడు. గొంతు పెద్దది కాలేదు, మాట తడబడలేదు, నా కంటికి బాగానే ఉన్నాడు. ఆవిడ వెంటనే సరేనని చెప్పి, అంతే శ్రద్ధగా అల్లం, నిమ్మ, సోడా కలిపి పొడవాటి గ్లాసులో పోసి ముందు పెట్టింది. అతను ఒక గుటక తాగి, ఆగి, ఆమె వైపు చూసి తల వంచాడు. మళ్లీ అడగలేదు. లెక్కలో అది వేయలేదు. టాక్సీ పిలిచి, మెట్లు దిగేదాకా వెంట వెళ్లి వచ్చింది. మా ఊళ్లో అడ్డుకోవడమంటే రోడ్డు మీద పడుకోవడం, కొడవలి, కారంపొడి. పోసే చేయే ఆపే చేయి కావడం నేను అప్పుడే చూశాను.

మార్చి 11 శుక్రవారం. మధ్యాహ్నం రెండు నలభై ఆరుకు నిహొంబాషిలో మా భవనం ఊగడం మొదలై ఎంతసేపటికీ ఆగలేదు. అల్మరాలు తెరుచుకుని కాగితాలు నేలమీద పరుచుకున్నాయి. రైళ్లు నిలిచిపోయాయి, ఫోన్లు కలవలేదు. సాయంత్రానికి లక్షల మంది టోక్యోలో కాలినడకన ఇళ్లకు బయలుదేరారు. నేనూ ఎయితాయి వీధి పట్టుకుని సుమిదా నది మీది ఎయితాయి వంతెన దాటాను. అంత జనంలోనూ తోపులాట లేదు, అరుపులు లేవు, అడుగుల చప్పుడే. నా కాళ్లకు ఆఫీసు కోసం వేసుకున్న ఎత్తు మడమల చెప్పులు. మోంజెన్ నకచో చేరేసరికి చీకటి పడింది, మడమ దగ్గర చర్మం ఊడిపోయింది.

బార్ మెట్ల దగ్గర ఆవిడ నిలబడి ఉంది. అదే తెల్ల చొక్కా, పైన దుప్పటిలాంటి కోటు. ‘మంచినీళ్లు, టాయిలెట్టు ఉన్నాయి’ అని అట్టముక్క మీద రాసి గోడకు కట్టింది. పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని నడిచివెళ్లేవాళ్లకు నీళ్లిస్తోంది. కాగితం కప్పులు కావు, బార్‌లో వాడే సన్నటి గ్లాసులే. పైనుంచి పగిలిన సీసాల వాసన మెట్ల మీదికి వస్తోంది. గోడ మీది సీసాల్లో సగానికి పైగా పోయాయట. దాని గురించి ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంది. నన్ను గుర్తుపట్టి, ముఖం కంటే ముందు నా పాదాలు చూసింది. పైకి వెళ్లి, తాను గంటల తరబడి నిలబడేటప్పుడు వేసుకునే మెత్తటి అడుగుల నల్ల బూట్లు తెచ్చి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుని మడమకు కట్టు వేసి తొడిగింది. “అరకావా వంతెన మీద గాలి ఎక్కువగా ఉంటుంది, ఎడమ పక్కన నడవండి” అంది. ఆ బూట్లతోనే మిగతా దారంతా నడిచి ఇల్లు చేరాను.

ఆ రాత్రి పదకొండుంబావుకు ఈడెన్ హాల్ తలుపు తెరుచుకోలేదు. ఏ చానల్ పెట్టినా సునామీ. తర్వాతి రోజుల్లో వ్యాపార ప్రకటనలన్నీ ఆగిపోయి, ఏసీ జపాన్ సంస్థ వాళ్ల ప్రజాహిత ప్రకటనలే గంటకు ఎన్నిసార్లో తెలియకుండా వచ్చేవి. ఫుకుషిమా వార్తలు చూసి మా పేటలో చాలామంది సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను. కరెంటు పొదుపు కోసం గింజా నియాన్ దీపాలు ఆరిపోయాయి. అంతమంది చనిపోయినప్పుడు పూల కింద కూర్చుని తాగడం ఏమిటని చెర్రీ పూల వేడుకలు మానుకోమన్నారు. అప్పుడే ఇవాతె ప్రాంతంలోని సాకే తయారీదారులు ఇంటర్నెట్లో కనిపించి, మానుకోవద్దని, మా ఈశాన్య ప్రాంతపు సాకేను కొని తాగితేనే మేము నిలబడగలమని వేడుకున్నారు. సారా పారబోసిన ఇంటి నుంచి వచ్చినదాన్ని, ఆ తయారీదారుల మాట వింటుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఏప్రిల్లో బూట్లు తిరిగివ్వడానికి వెళ్లాను. కొత్త సీసాలు ఇంకా రాలేదు, గోడలో ఖాళీలు అలాగే ఉన్నాయి. ఆవిడ వచ్చిన ప్రతి ఒక్కరికీ ‘యుకిగుని’ చేస్తోంది. యమగాత రాష్ట్రంలోని సకాతా ఊరి బార్‌టెండర్ ఇయామా కెయిచి 1950ల చివర్లో రూపొందించిన కాక్‌టెయిల్ అది. వోడ్కా, తెల్ల కురసావ్, నిమ్మ, గ్లాసు అంచున మంచులా అంటించిన చక్కెర, అడుగున పచ్చటి చెర్రీ పండు. ఈశాన్యం వాళ్లది కాబట్టి ఈ నెలంతా ఇదేనంది. నాకు మాత్రం చక్కెర అంచుతో సిండరెల్లా. ఆ శుక్రవారానికి సీరియల్ కూడా ముగిసిపోయింది. చివరి భాగం చూశాను గాని, నిజం చెప్పాలంటే కథ కంటే ఎక్కువగా కౌంటరు మీది సీసాలే చూశాను, అన్నీ నిండుగా, ఒక్కటీ పగలకుండా.

అమ్మకు ఈ బార్ సంగతి అప్పటిదాకా చెప్పలేదు. భూకంపం రాత్రి ఎలా ఇల్లు చేరావని అడిగితే బూట్ల సంగతి చెప్పాను, బూట్ల వెనకాల మిగతాదంతా వచ్చింది. ఫోనులో చాలాసేపు మాట లేదు. తర్వాత, “ఆ పిల్ల రాత్రిళ్లు ఇంటికి ఎలా వెళుతుంది?” అంది. సైకిలు మీద అని చెప్పాను. “ఒక్కతేనా?” ఒక్కతే. “తాగినవాళ్లు ఏమీ అనరా?” అనరమ్మా. “ఆమె తాగుతుందా?” పనిలో ఉన్నప్పుడు ముట్టదు, రుచి చూడటానికి చుక్క. మళ్లీ మౌనం. “నీ కాళ్లకు ఆమె తొడిగిందా?” అని అడిగింది. అవునన్నాను. “ఆమెకు ఏమైనా పంపుదాం” అని అమ్మే అంది. నెల తిరిగేసరికి వెంకటగిరి చీర ఒకటి పార్సిలులో వచ్చింది, లేత పసుపు మీద జరీ అంచుతో. దాన్ని ఆవిడ కట్టుకోలేదు. చట్రంలో బిగించి ఏడా కోల్‌మన్ పక్కన గోడకు పెట్టింది.

2012లో నేను హైదరాబాదు వచ్చేశాను. సెంపాయి ఉత్తరాలు మాత్రం ఆగలేదు. 2021 ఏప్రిల్లో కరోనా అత్యవసర పరిస్థితి పెట్టినప్పుడు టోక్యోలో మద్యం వడ్డించే చోట్లన్నీ మూసేయమన్నారు. ఆవిడ తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకుని, ఇంట్లో చేసిన నిమ్మ, అల్లం షర్బత్తు సీసాలు అమ్ముకుంటోందని సెంపాయి రాశారు. అది చదివినప్పుడు నాలో కలిగిన బాధను సర్దుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఏడేళ్ల వయసులో మద్యం ఆగిపోవడం మా వీధికి పండగ. ఆ పండగ నాకు ఇప్పటికీ పండగే. దూబగుంట ఆడవాళ్లు చేసింది సరైన పనే, ఆనాటి ప్యాకెట్టుకూ ఈమె గ్లాసుకూ పోలిక లేదు. అయినా ఒక ఆదేశంతో ఆమె షేకర్ మూలపడిందంటే నా సొంత మనిషికి అన్యాయం జరిగినట్టే అనిపించింది. అమ్మకు చెబితే ఆమె కూడా, “పాపం, ఆ పిల్ల అద్దె ఎలా కడుతుందో” అంది.

ఆవిడ నిలదొక్కుకుంది. ఇప్పుడు బార్‌లో ఆవిడతో పాటు ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. ఒకరు గ్లాసులు తుడుస్తోంది, ఇంకొకరికి ఈ మధ్యే షేకర్ చేతికిచ్చారట. 2024 వసంతంలో ‘బార్‌టెండర్’ను కొత్త యానిమేగా మళ్లీ తీశారు. బొమ్మల్లోనూ ఈడెన్ హాల్ అందంగానే ఉంది, ర్యూ అంతే మృదువుగా మాట్లాడుతున్నాడు. నేను కోరుకున్న కథ మాత్రం ఆ ముగ్గురు ఆడవాళ్లు మోంజెన్ నకచోలో రోజూ నడుపుతున్నారు.

వచ్చే ఏడాది చెర్రీ పూల కాలానికి అమ్మను టోక్యో తీసుకెళ్తున్నాను. పాస్‌పోర్టు వచ్చింది, వీసా కాగితాలు సిద్ధం చేస్తున్నాను. గుడులు, పూలు, సముద్రం అన్నీ చెప్పాను. అన్నిటికీ తలూపి, మొదటి సాయంత్రం మాత్రం ఆ బార్‌కే వెళ్లాలంది అమ్మ. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, ఏ దుకాణం మెట్లెక్కనిది. అక్కడ ఆ పిల్లను తాను ఒకటి అడగాలట, నేను సరిగ్గా జపనీస్‌లోకి మార్చి చెప్పాలట: తూలకుండా, అరవకుండా కూర్చున్న మనిషికి కూడా ఇక చాలని ఆమెకు ముందే ఎలా తెలుస్తుంది?